గుండుసూదులు నోట్లో ఉండగా

నా నోట్లో నువ్వుగింజ నానదని మా చర్చి సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కొలతలు తీసుకుంటూ ఒకళ్ళింటి కబుర్లు వింటాను, కాజాలు కుడుతూ ఇంకొకళ్ళకి చెప్తాను. చెడ్డబుద్ధితో కాదండీ. దగ్గొస్తే దగ్గినట్టు, మాటొస్తే చెప్పేయడం. అంతే.

దానివల్లే నా మనవరాలు నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. కంగారుపడకండి, ఎంతవరకు చెప్పొచ్చో దాన్ని అడిగే మొదలుపెట్టాను.

దానికి పదిహేనేళ్ళు. మా అల్లుడు పోయి ఆరేళ్ళయింది. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీలకి వేళాపాళా ఉండదు. అందుకని ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. పిల్ల నా గదిలోనే పడుకునేది. ఒకరోజు నేను బాబిన్‌కి దారం చుట్టుకుంటుంటే స్కూలు సంచి కూడా దించకుండా వచ్చి పక్కన కూర్చుంది. క్లాసులో లేచి చదవమంటే ఒళ్ళంతా వణికిపోతోందట, ఊపిరాడట్లేదట, గంట కొట్టేదాకా బాత్రూంలో కూర్చుంటోందట.

"ఎవరికీ చెప్పకు అమ్మమ్మా" అంది.

"నాకేం పనీపాటా లేదా, చెప్పడానికి?" అన్నాను.

ఆదివారం వచ్చింది. మా చర్చిలో ప్రసంగానికి ముందు ప్రార్థన విన్నపాలు అడుగుతారు. కష్టం ఉన్నవాళ్ళు లేచి చెప్తే అందరూ వాళ్ళకోసం ప్రార్థన చేస్తారు. నేను లేచాను. దేవుడికి చెప్పుకుంటే అది ఎవరికో చెప్పినట్టు కాదనుకున్నాను చూడండీ, అదీ నా తెలివి! వణుకు, ఊపిరి, బాత్రూం, ఒక్కటీ వదల్లేదు. దాని పేరుతో సహా మైకులో చెప్పేశాను. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. మూడో వరసలో దాని క్లాసు పిల్లలు ముగ్గురు కూర్చున్నారని, కళ్ళు తుడుచుకున్నాక చూశాను. అప్పటికే దాని చోటు ఖాళీ అయిపోయింది.

సోమవారం అది స్కూలు వరండాలో నడుస్తుంటే ఇద్దరు పిల్లలు గజగజ వణికినట్టు నటించారట. ఆ సంగతి మా అమ్మాయి చెప్పింది. పిల్ల నాకెందుకు చెప్తుంది? ఇంటికొచ్చి దిండు, దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఏదో హాస్టలు ఫారం తెచ్చి ఫ్రిజ్ తలుపు మీద అతికించింది. పరీక్షలవగానే వేరే ఊరు పోయి అక్కడే చదువుకుంటుందట.

"ఇక్కడ నా గురించి అందరికీ అన్నీ తెలుసు" అంది వాళ్ళమ్మతో. నావైపు చూడనైనా చూడలేదు.

"పరీక్షలయ్యేదాకా ఆగు. అప్పటికీ వెళ్తానంటే సంతకం పెడతాను" అంది మా అమ్మాయి. నాకు తల కొట్టేసినట్టయింది. పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ ఫారం మొహం మీద కొట్టినట్టు ఉండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. చర్చి వెనక ఒక గది ఉంది. పాత పాటల పుస్తకాలు, కాలు విరిగిన కుర్చీలు, మూగబోయిన పియానో అన్నీ అందులోనే పడేసేవాళ్ళం. దాన్ని ఖాళీ చేసి పెద్దపిల్లలకి ఇద్దామన్నారు.

"పదమూడు దాటిన పిల్లలకి కూర్చోవడానికి చోటెక్కడుంది చెప్పండి? షాపుల ముందు నిలబడితే తోలేస్తారు, ఇంట్లో కూర్చుంటే చదువుకోమంటారు. శుక్రవారం సాయంత్రాలు ఈ గది తీసి ఉంచుదాం. చర్చికి వచ్చే పిల్లలే రావాలని లేదు" అన్నారు.

మావాళ్ళు ఒక పని నెత్తిన పెట్టుకుంటే ఇక పట్టపగ్గాలుండవు. మా సంఘపెద్ద రిటైరైన హెడ్మాస్టరు. ఆయన కూర్చుని పద్నాలుగు నియమాలు రాసి గోడకి మేకులతో కొట్టించారు. మొదటి శుక్రవారం పెద్దవాళ్ళం పదకొండుమందిమి ఇస్త్రీ బట్టలేసుకుని, గుమ్మానికి అటూ ఇటూ రెండు వరసల్లో నిలబడి నవ్వడం మొదలుపెట్టాం. గేటుదాకా నలుగురు పిల్లలు వచ్చారు. మమ్మల్ని చూడగానే ముందున్న పొడుగబ్బాయి మోగని ఫోను చెవికి పెట్టుకున్నాడు. "ఆఁ అమ్మా, వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా" అంటూ వెనక్కి తిరిగాడు. మిగతా ముగ్గురూ వాడి వెనకాలే పరుగు. పాపం, అప్పటికే మాస్టారు స్వాగతగీతం ఎత్తుకున్నారు. మధ్యలో ఆపితే బాగోదని మూడు చరణాలూ మాకు మేమే పాడుకుని, బిస్కెట్లు మేమే తిని ఇళ్ళకి పోయాం.

మర్నాడు పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. నాకోసం కాదు, దానికోసం.

"గది ఎలా ఉంటే నువ్వు వస్తావో చెప్పమ్మా" అని అడిగారు.

నేను వంటింట్లో చెవులు రిక్కించి నిలబడ్డాను. అది మెల్లగా అంది.

"గుమ్మం దగ్గర ఎవరూ నిలబడకూడదు. తలుపు తీసే ఉండాలి. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రావాలి, పోవాలనిపిస్తే పోవాలి. ఎందుకు పోతున్నావని అడక్కూడదు. అక్కడ చెప్పింది ఏదీ ఆదివారం మైకులోకి రాకూడదు."

పాస్టరుగారు నవ్వబోయి ఆగిపోయారు. "ఆ రోజు మీ అమ్మమ్మని నేను ఆపాల్సింది. ఆపలేదు. తప్పు నాది కూడానమ్మా" అన్నారు.

నేను చేతిగుడ్డ నోట్లో కుక్కుకుని అలాగే గోడకి జారబడ్డాను.

పద్నాలుగు నియమాలూ పీకేశారు. మాస్టారు రెండు రోజులు అలిగారు. మూడోరోజు ఆయనే వచ్చి, తన ముత్యాల్లాంటి దస్తూరీతో ఒక్క ముక్క రాసి పెట్టారు: "ఇక్కడ విన్నది ఇక్కడే ఉంటుంది." ఇక గదిలో పెద్దవాళ్ళెవరో ఒకరు ఉండాలి కదా. దానికి పాస్టరుగారు అడిగింది ఎవర్నో తెలుసా? నన్ను!

"మీకేమైనా మతి పోయిందా పాస్టరుగారూ?" అన్నాను.

"కిటికీలకి కర్టెన్లు కావాలమ్మా. మీ మిషను ఆ మూల పెట్టుకుని కుట్టుకోండి. మాట్లాడక్కర్లేదు."

"అదేగా నాకు చేతకానిది!"

"తెలుసు. అందుకే అడుగుతున్నాను" అన్నారాయన.

ముక్కుమీద కోపం నాకు, చర్రుమంది. అయినా వెళ్ళాను. నేనుంటే మా పిల్ల ఆ గడప తొక్కదని తెలిసి కూడా వెళ్ళాను. ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఆ ఫారాన్ని చూడటం నావల్ల కాలేదు.

గుడ్డ మడిచి గుండుసూదులు గుచ్చేటప్పుడు, చేతికందుబాటులో ఉంటాయని నాలుగైదు సూదులు పెదాల మధ్య పట్టుకోవడం నాకు అలవాటు. కుట్టుపని నేర్పేవాళ్ళెవరూ అలా చెయ్యమనరు, కానీ చాలామందిమి చేస్తాం. ఆ మొదటి సాయంత్రం అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగకుండానే మాట్లాడిన పొడుగబ్బాయి తలుపులోంచి తొంగిచూశాడు. పెద్దవాళ్ళ వరసలు లేవని నమ్మకం కుదిరాక లోపలికి వచ్చాడు. చిరిగిన సంచీ నా ముందు పెట్టాడు.

"కుడతారా అమ్మమ్మగారూ?"

"ఊఁ" అన్నాను. నోట్లో సూదులుంటే అంతకన్నా ఏమనగలం?

వాడు కుర్చీ లాక్కుని కూర్చుని సంచీ ఎలా చిరిగిందో చెప్పాడు. నేను ఊఁ అన్నాను. ఎవరు చింపారో చెప్పాడు. ఊఁ అన్నాను. ఆ తర్వాత ఇంటి సంగతి చెప్పాడు. నోట్లో సూదులు లేకపోతే వాడు సగంలో ఉండగానే, "అయ్యో, మా చుట్టాల్లో కూడా ఇలాగే అయింది" అంటూ నా కథ ఎత్తుకునేదాన్ని. జన్మలో మొదటిసారి ఒక మనిషి మాట మొదట్నించీ చివరిదాకా విన్నాను. నమ్మండి, అరవై రెండేళ్ళు వచ్చాయి నాకు.

వారం వారం వచ్చే పిల్లలు పెరిగారు. ఒకళ్ళకి జిప్పు, ఒకళ్ళకి ప్యాంటు పొడవు, ఒకళ్ళకి ఊడిన గుండీ. కొందరికి ఏమీ లేదు, ఊరికే పాత కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని పోయేవాళ్ళు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. మా పిల్ల మాత్రం శుక్రవారం రాలేదు. ఆదివారాలు అందరం ఆరాధనలో ఉన్నప్పుడు ఆ గదిలో ఒక్కతే కూర్చుంటోందని మా అమ్మాయి చెప్పింది. గోడమీద స్పీకరు పెట్టె ఉంటుంది, లోపలి మాటలన్నీ అక్కడికి వినిపిస్తాయి. నేను కోసిన గుడ్డముక్కలు, నేను వదిలేసిన దారాలు సర్ది వెళ్ళేదట. అది విన్నాక ఆ రోజంతా నాకు చేతులాడలేదు.

ఇక్కడ నా అవస్థ కూడా చెప్పాలి. విన్నదంతా లోపల పెట్టుకునేసరికి కడుపు ఉబ్బిపోయినట్టుండేది. మాస్టారి భార్య ఓ ఆదివారం చర్చి మెట్లమీద నా చెవి కొరికింది. "వదినా, ఆ పిల్లలు ఏమంటున్నారు? ఊరికే కాదు, ప్రార్థన చేద్దామనే అడుగుతున్నాను."

అచ్చం నేనడిగినట్టే అడిగింది! అద్దంలో నన్ను నేనే చూసుకున్నట్టయింది.

"కర్టెన్లు బాగా కుదిరాయి వదినా" అన్నాను.

ఆ రోజే విన్నపాలప్పుడు లేచాను. అలవాటు చొప్పున కాళ్ళే లేచాయి. పొడుగబ్బాయి సంగతి గుండెల మీద రాయిలా ఉంది మరి. వందమంది కలిసి ప్రార్థిస్తే వాడికి మంచే కదా అనిపించింది. మైకు చేతికొచ్చింది. అందరి తలలూ నావైపు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది, గోడవతల స్పీకరు కింద మా పిల్ల కూర్చుని ఉందని. ఊపిరి బిగబట్టుకుని ఉంటుందని.

"నాకు మోకాళ్ళ నొప్పులు" అన్నాను. "మెట్లెక్కలేకపోతున్నాను. ప్రార్థన చెయ్యండి."

"ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు మాస్టారు, నమ్మలేనట్టు.

"ఉంది. నోరు కూడా కాస్త జారుతుంది. దానికి కూడా చెయ్యండి."

చర్చి అంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. కూర్చున్నాక మాత్రం చేతులు వణికాయి, అచ్చం నా మనవరాలు చెప్పినట్టే.

ఆ శుక్రవారం అది వచ్చింది.

పిల్లలు అప్పుడే వెళ్ళిపోయారు. కిటికీలోంచి ఇంకా ఎండ పడుతోంది. స్కూలు స్కర్టు ఒకటి తెచ్చి మిషను మీద పెట్టింది. అంచు కుట్టు సగం ఊడి వేలాడుతోంది. చేత్తో తిప్పి చూశాను. చిరిగిన కుట్టు కాదది. కుట్టు విప్పే నా చిన్న కత్తితో ఒక్కొక్క పోగూ జాగ్రత్తగా కోసిన కుట్టు. ఎనిమిదేళ్ళప్పుడు అలా విప్పడం దానికి నేర్పింది నేనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

గుండుసూదుల డబ్బా నా ముందుకు తోసింది. "నోట్లో పెట్టుకో" అంది.

ఒక్కొక్కటే తీసి ఆరు పెట్టుకున్నాను. అది నా మొహంలోకి చూసింది. "ఇంకో రెండు" అంది.

ఎనిమిదయ్యాక, కింద నా మోకాళ్ళ పక్కన చతికిలబడి, గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. నేను కుడుతూనే ఉన్నాను. కళ్ళనిండా నీళ్ళు, కుట్టు కనబడితేగా!

"అమ్మమ్మా, కుట్టు వంకరపోయింది" అంది చివరికి.

నాలుగు నెలల తర్వాత ఆ పిలుపు. నోట్లో సూదులు పెట్టుకుని ఏడవకూడదు, ప్రమాదం. అయినా ఏడ్చాను. అదే ఒక్కొక్క సూదీ నా నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది.

ఆ రాత్రి దిండు, దుప్పటి నా గదిలోకి తిరిగొచ్చాయి. తర్వాతి వారం దాని గౌనుకి జేబు కుట్టాలి, ముందు నమూనా గీసుకోవడానికి కాస్త మందపాటి కాగితం చూడవే అన్నాను. అది ఫ్రిజ్ తలుపు మీంచి హాస్టలు ఫారం పీక్కొచ్చి, "ఇది సరిపోతుందా?" అంది. నేను కిక్కురుమనకుండా దానిమీద జేబు గీసి కత్తిరించేశాను.

ఇంతవరకు చెప్పుకోవచ్చంది. ఆ శుక్రవారం అదేం చెప్పిందని మాత్రం అడక్కండి. దేవుడి దగ్గర కూడా పెదవి కదపకుండానే చెప్పుకున్నాను.