మంట తెలియని వేలు

నా తోడికోడలు ఊరికే ఎవరికీ మేలు చేసే మనిషి కాదని నా గట్టి నమ్మకం. అందుకే ఆమె పూతమందు ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టగానే ముందు మూత తీసి వాసన చూశాను.

"మిరపకాయలోంచి తీసిన మందట అక్కా. వేళ్ళ నొప్పులకి రోజూ రాసుకోవాలట," అంది.

"నొప్పి చాలదని మంట కూడానా? బాగుందే నీ వైద్యం!"

అయినా రాసుకున్నాను. మొదట్లో ప్రాణం పోయినంత పనైంది. నన్ను ఏడిపించడానికే తెచ్చిందనుకున్నాను. రాసుకోగా రాసుకోగా మంట తగ్గింది. ఏళ్ళ తరబడి కీళ్ళలో తిష్ఠ వేసిన నొప్పి కూడా తగ్గింది. అదేమిటో, తగ్గాక నాకు ఇంకా అనుమానం పెరిగింది.

మాది ఇస్త్రీ దుకాణం. ఇస్త్రీ పెట్టె మీద వేడి పెంచే, తగ్గించే మీటను నేనెప్పుడూ నమ్మలేదు. చూపుడువేలి కొసతో పెట్టె అడుగును చటుక్కున తాకి, ఈ వేడి పట్టుకా, నూలుకా అన్నది చెప్పేస్తాను.

సరిగ్గా నొప్పి తగ్గాకే బట్టలు కాలడం మొదలైంది. ముందు ఒక పట్టు చొక్కా భుజం, తర్వాత ఒక చిన్నపిల్ల గౌను అంచు. రెండుసార్లూ వేలితో చూసే పెట్టాను. వేడి తక్కువే!

మా ఆయన ముఖం చిట్లించారు. "ఇంకొక్కటి కాలిందంటే పెట్టె మరదలికిచ్చేసి నువ్వు మడతలు పెట్టుకో."

నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళై వచ్చినప్పటినుంచి ఆ ఇస్త్రీ బల్ల నాది. తోడికోడలికి పక్కన ఇంకో పెట్టె ఉన్నా, ఖరీదైన బట్టలన్నీ నా చేతి మీదుగానే. అప్పుడు అర్థమైంది, తోడికోడలి కన్ను దానిమీదే ఉందని. నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళగానే మీట పైకి తిప్పేస్తోందన్నమాట! నీళ్ళు తాగడం మానేశాను. ఆమె పెట్టె నేను తీసుకుని నాది ఆమెకిచ్చాను. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని కనిపెట్టుకుని కూర్చున్నాను.

అయినా నా చేతి కిందే మందుల షాపామె తెల్లకోటు వీపున గోధుమరంగు మచ్చ పడింది.

ఆమె ఆ కోటు పట్టుకుని వచ్చి నేరుగా తోడికోడలిని నిలదీసింది. "పొద్దున తెచ్చిచ్చినప్పుడు కాల్చింది నువ్వేనని ఒప్పుకున్నావుగా, ఇప్పుడు నేనేం తొడుక్కోను?"

"విన్నారా!" అని అరిచాను. "ఎన్నాళ్ళకి దొరికావే! నా పెట్టె మీట తిప్పిందీ నువ్వేగా?"

తోడికోడలు తల దించుకుంది. షాపామె మాత్రం బల్ల మీది ట్యూబు వంక చూస్తోంది.

"ఇదెవరు వాడుతున్నారు?"

"నేనే."

"పెట్టె వేడి ఎలా చూస్తారు?"

వేలు చాచి చూపించాను. ఆమె గబుక్కున ఆ వేలు పట్టుకుంది. కొసన ఒక బొబ్బ, పక్కనే ఎండిపోయిన ఇంకో బొబ్బ. అవి ఎప్పుడు లేచాయో నాకు తెలియనే తెలియదు.

"మిరపలో ఉండే కారం ముందు నరాల్ని రెచ్చగొడుతుందమ్మా," అంది షాపామె. "రోజూ రాస్తుంటే అవి మొద్దుబారిపోతాయి. ఇక నొప్పి కబురు మెదడుకి చేరదు. కాలుతోందని చెప్పేవీ ఆ నరాలే కదా! మీకు గోరువెచ్చగా తోచే పెట్టె నిజానికి భగభగలాడుతోంది. పూత ఆపితే కొన్నాళ్ళకి స్పర్శ వస్తుంది. నొప్పీ వస్తుంది."

వేలి మీది బొబ్బలు చూసుకున్నాను. తోడికోడలి వైపు తిరిగాను.

"మరి నువ్వెందుకే ఒప్పుకున్నావు?"

"నేను కాల్చాననుకుంటే తిట్టి ఊరుకుంటారు. నువ్వని తెలిస్తే బావగారు పెట్టె లాగేసుకుంటారు కదక్కా."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో కోటు సంగతి తెలిసి మా ఆయన విసవిసా వచ్చారు.

"మళ్ళీ ఎవరు కాల్చారు?"

తోడికోడలు నోరు తెరవబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"నేనే," అన్నాను. "అన్నీ నేనే."

ఆయన నా పెట్టె మీద చెయ్యి వేశారు. తోడికోడలు చప్పున మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఉంచండి బావగారూ. వేడి నేను చూసి చెబుతాను. ఇస్త్రీ అక్కే చేస్తుంది."