పాట ఆగిన చోట

"దారిలో బ్రేకులు పోతే మన గతేంటి ఫాదర్?" అంది అల్దోనా. బస్సు ఇంకా చర్చి ముందే ఉంది.

"బ్రేకులు లేకపోతే ఎక్కడా ఆగకుండా త్వరగా చేరతాం. ఎక్కండమ్మా," అన్నారు ఫాదర్ కజీస్.

ఆ లిథువేనియా ఊరి యువజన సంఘం పిల్లలు ఫ్రాన్సులో కొండ మీదున్న బ్రదర్ల మఠానికి యాత్ర బయల్దేరారు. తోడుగా ఒక పెద్దావిడ కావాలనగానే అల్దోనా చెయ్యెత్తేసింది. ఆమె అసలు భయం బ్రేకుల గురించి కాదు. ఆ పిల్లల్లో ఒకతైన కూతురు మిల్డా ఈ మధ్య పూజ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక కూడా చర్చిలో ఒక్కతే కూర్చుండిపోతోంది. ఏమైందే అంటే, "ఏం లేదమ్మా" అని నవ్వుతుంది. ఈ పిల్ల అక్కడి సిస్టర్లతోనే ఉండిపోయి కన్యస్త్రీ అయిపోతే? ఆ మాట పైకి అనడానికి నోరు రాక బ్రేకుల మీద పెట్టింది.

మఠం చేరగానే మిల్డా సంచి భుజాన వేసుకుని వచ్చింది. "అమ్మా, నేను ఈ వారమంతా మౌనంలో ఉంటాను. పక్కూళ్ళో, సిస్టర్ల ఇంట్లో. ఆదివారం దాకా మాట్లాడను."

"గొంతు నొప్పా?"

"కాదమ్మా," అని నవ్వి వెళ్ళిపోయింది.

సాయంత్రం ప్రార్థనలో అందరూ నేల మీద కూర్చున్నారు. తెల్లటి అంగీల్లో బ్రదర్లు మధ్యలో మోకరించారు. పాట మీద పాట సాగి, ఉన్నట్టుండి ఆగింది. ఎంతకీ ఇంకోటి మొదలు కాలేదు.  అల్దోనా పక్కనున్న సంఘం కుర్రాడు డొమాస్‌ని గిల్లింది.

"ఒరేయ్, ఎవరూ పాడరేంరా? ఆ ముసలి బ్రదర్ చూడు, కదలట్లేదు. గుండె గానీ ఆగిందేమో!"

"అది మౌనం ఆంటీ. పూటపూటా ఉంటుంది."

"ఎప్పుడు మొదలవుతుంది?"

"మీరు ఆపగానే."

ముందు వరుసలో ఇద్దరమ్మాయిలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

రెండు రోజుల తర్వాత జల్లు పడింది. చర్చి గుమ్మం దగ్గర మిల్డా దగ్గుతూ కనిపించింది. గిన్నెలు కడుగుతున్న అల్దోనా, ఇంటి నుంచి తెచ్చిన రై గింజల రొట్టె పొట్లం పట్టుకుని తడి చేతులతోనే పరుగెత్తింది.

"జ్వరమా? తింటున్నావా? మేజోళ్ళు వేసుకునే పడుకుంటున్నావా? ఆ సిస్టర్లు నీకేమైనా నూరిపోస్తున్నారా?"

మిల్డా పెదవుల మీద వేలు పెట్టుకుంది. తల్లి చేతిలోని రొట్టె పొట్లం అందుకుని, తల్లి చెంపకి తన చెంప ఆనించి వెళ్ళిపోయింది. చెంప చల్లగానే ఉంది. జ్వరం లేదు. అడిగినవాటిలో ఒక్కదానికైనా జవాబు వచ్చినట్టే అనుకుంది అల్దోనా.

ఆ తర్వాత పాట ఆగినప్పుడల్లా ఆమె దూరంగా కూతురి వీపు చూస్తూ కూర్చునేది. మొదట్లో ఆ నిశ్శబ్దంలో ఆమెకి అన్నీ రోగాలూ ప్రమాదాలే కనిపించేవి. శుక్రవారం నాడు మళ్ళీ పాట అందుకున్నా ఆమెకి తెలియలేదు.

"ఆంటీ, మౌనం అయిపోయింది. ఇక మాట్లాడుకోవచ్చు," అని డొమాస్ గిల్లాడు.

"ఉండరా కాసేపు," అంది.

ఆదివారం పూజ అయ్యాక బస్సు దగ్గరికి మిల్డా ఖాళీ చేతులతో వచ్చింది.

"సంచేదే?"

"అమ్మా, కన్యస్త్రీని అవుతానేమోనని కదా నీ భయం? ఏమవుతానో నాకే తెలీదు. చలికాలం వచ్చేదాకా ఇక్కడ పనికి ఉంటాను. గిన్నెలు కడగడం, కొత్తగా వచ్చినవాళ్ళకి గుడారాలు చూపించడం, అంతే. నువ్వు సరేనంటేనే. వద్దంటే ఇప్పుడే సంచి తెచ్చుకుంటా."

అల్దోనా నోరు తెరిచింది. చెప్పాల్సినవన్నీ నాలుక చివరే ఉన్నాయి: దగ్గు, వాన, భాష రాని దేశం. నోరు మూసుకుంది. పాట ఆగినట్టుగా అయిపోయింది లోపల. బస్సు ఇంజను మోగుతోంది. ఫాదర్ వాచీ చూసుకుని చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.  మిల్డా తొందరపెట్టలేదు. వారమంతా అలవాటైన మనిషిలా అలాగే నిలబడింది.

చాలాసేపటికి అల్దోనా తన ఉన్ని స్వెట్టరు విప్పి కూతురి భుజాల మీద వేసింది.

"సరే. కానీ ఫోన్ చేసినప్పుడు మాత్రం 'ఏం లేదమ్మా' అనకు."