రెండో గ్లాసు

కోవూరులో ఆమినాబీ కుట్టుక్లాసు ఎక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. నాలుగేళ్లలో అక్కడ ఒక్క పిల్లైనా జాకెట్టు కుట్టడం నేర్చుకుందా అంటే మాత్రం నోరు వెళ్లబెడతారు. నేర్చుకోలేదు, ఎందుకంటే అది కుట్టుక్లాసు కాదు. ఆమినాబీ, నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసి మానేసిన సుభాషిణి, ట్రాలీ ఆటో నడిపే మస్తాన్, ఈ ముగ్గురూ అక్కడ కూర్చుని రొయ్యల షెడ్లలో మగ్గుతున్న పిల్లల్ని ఎట్లా బయటికి తేవాలా అని మాట్లాడుకునేవాళ్లు. ముందుగా కార్మిక శాఖ ఆఫీసులో చెబితే జీపు కదిలేలోపే షెడ్డు ఖాళీ అయిపోయేది. రెండుసార్లు అట్లా భంగపడ్డాక ఎవరికీ చెప్పకుండా పనిచేయడం అలవాటు చేసుకున్నారు.

కెజియాను కూడా అట్లాగే తెచ్చారు. పన్నెండేళ్ల పిల్ల. తల్లీ తండ్రీ లేరు. మేనమామనని చెప్పుకున్నవాడెవడో తెచ్చి రొయ్యపిల్లల హేచరీలో వదిలిపోయాడు. ఆ పిల్ల నాలుక మామూలు నాలుక కాదు. నీళ్లలో ఉప్పెంతుందో మీటరు కంటే ముందు చెప్పేది. ఒకసారి తాగిన బోరు నీళ్లను ఏడాది తర్వాత కూడా గుర్తుపట్టేది. హేచరీ యజమాని ఆ సంగతి కనిపెట్టి, రోజుకు ముప్పై తొట్ల నీళ్లు రుచి చూపించి, వచ్చిన పెద్దమనుషుల ముందు సర్కసు చేయించేవాడు. నోరంతా పుండ్లు పడినా ఆ మహానుభావుడు వదల్లేదు. ఐసు దించడానికి వెళ్లిన మస్తాన్ అది చూసి తట్టుకోలేకపోయాడు. ఖాళీ చేపల టబ్బుల కింద దాచి పిల్లను కోవూరులో ఆమినాబీ ఇంటికి చేర్చాడు.

ఆ పుండ్లు చూసిన రోజే ఆమినాబీ ఒట్టు పెట్టుకుంది. ఇక ఈ పిల్ల నాలుకతో ఎవరూ పని చేయించుకోకూడదు, ఎంత మంచి పనికైనా సరే. మెత్తగా పెరుగన్నం కలిపి పెట్టేది. పిల్ల బుద్ధిగా తినేది. నీళ్లు మాత్రం ఒక్క గుక్క నోట్లో పోసుకుని, గ్లాసు వెనక్కి ఇచ్చేసేది. ఇంకొంచెం తాగమంటే తల అడ్డంగా ఊపేది. ఈ ఇంట్లో ఆ పిల్ల కడుపునిండా నీళ్లు తాగదన్న బెంగ ఆమినాబీని పీక్కుతినేది.

పన్నెండో రోజు, మంగళవారం పొద్దున మస్తాన్ కబురు మోసుకొచ్చాడు.

"ఆ హేచరీలో మిగిలిన ఏడుగురు పిల్లల్నీ యాడికో మార్చేసినారు అక్కా. శుక్రవారం రాష్ట్రం దాటించేస్తారంట. వ్యాను డ్రైవరు టీకొట్టుకాడ వాగినాడు."

"ఫర్జానా గూడానా?" అంది కెజియా. ఫర్జానాకు ఎనిమిదేళ్లు. షెడ్డులో కెజియా చున్నీ కొస పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు.

మస్తాన్ తల వంచుకున్నాడు.

"తనిఖీ వస్తే మమ్మల్ని గూడా ఒక చోటికి తోలి దాచేవాళ్లు, ఆడికే తోలుంటారు," అంది కెజియా. "వ్యానుకి పరదాలు కట్టేస్తారు. దారి తెలీదు, సముద్రం హోరు మాత్రం వినబడేది. అయితే ఆడ మూడు దినాలు నీళ్లు తాగినా. మైపాడు దిక్కున మూతబడిన షెడ్లుంటాయి గదా, ఆడి నీళ్లు తెండి. చెప్తా."

"వద్దంటే వద్దు," అని ఆమినాబీ లేచి నిలబడింది. "వాడి పనికి నీ నోరు పుండు చేసుకున్నావు. ఇప్పుడు మా పనికా?"

"వాడు చూడమంటే చూసినా పెద్దమ్మా. ఇప్పుడు ఎవురూ చూడమన్లేదు. నేనే చూస్తానంటా ఉండా."

ఆమినాబీ మళ్లీ కూర్చుంది.

బుధవారం సుభాషిణి నీళ్ల పరీక్ష అని చెప్పి, మైపాడు దిక్కున పదకొండు గేట్ల దగ్గర పదకొండు సీసాలు నింపుకొచ్చింది. మధ్యాహ్నం వాటిని కుట్టుక్లాసులో పెట్టి భోజనానికి వెళ్లింది. సాయంత్రం కెజియా మూడు సీసాలు రుచి చూసి, ముఖం అదోలా పెట్టింది.

"పెద్దమ్మా, వీటిని కాచినావా?"

"కాచకుండా ఎట్లా ఇస్తానే? పుండ్ల నోరు నీది! కాచి, గుడ్డలో వడగట్టి, మళ్లీ సీసాల్లో పోసినా," అంది ఆమినాబీ, మంచి పని చేసినదానిలా.

సుభాషిణి నెత్తిన చేతులు పెట్టుకుంది. "ఇరవై ఏళ్లు నీళ్లు పరీక్ష చేసినా గానీ, శాంపిల్‌ని వంట చేసినోళ్లని చూళ్లేదు ఆమినక్కా! కాస్తే ఆ రుచి ఇంకేడ ఉంటుంది?"

మస్తాన్ పకపకా నవ్వబోయి, ఆమినాబీ ముఖం చూసి మానుకున్నాడు. ఆమెకు తన చేతులు నరుక్కోవాలనిపించింది. ఏడుగురు పిల్లల దారిని పొయ్యి మీద పెట్టి ఆవిరి చేసింది. మళ్లీ సీసాలతో అవే గేట్లకు పోతే అనుమానం రాకమానదు. చేతిలో ఉన్నది ఒక్క గురువారం.

"సీసాలెందుకు?" అంది కెజియా. "దాహమని అడుగుతాం. ఈ మే నెల ఎండకి ఎంత చెడ్డోడైనా నీళ్లు లేవంటాడా?"

పిల్ల చెప్పినదే నిజం.

గురువారం పొద్దున మస్తాన్ ఒక ప్యాసింజరు ఆటో అడిగి తెచ్చాడు. ఆమినాబీ, కెజియా బురఖాలు వేసుకున్నారు. సుభాషిణి తనకు నమ్మకమున్న ఒక అధికారిని బతిమాలి, ఎక్కడికో చెప్పకుండానే జీపుతో సహా మైపాడు టీకొట్టు దగ్గర కూర్చోబెట్టింది. గుర్తు ఒకటే. కెజియా రెండో గ్లాసు అడిగితే అదే చోటు.

మొదటి గేటు దగ్గర ఒక్క గుక్క. రెండో గేటు దగ్గర ఒక్క గుక్క. పిల్ల ముసుగు పెదాల దాకా ఎత్తడం, చప్పరించడం, గ్లాసు తిరిగి ఇచ్చేయడం. ఎక్కడా ఎవరూ కాదనలేదు. ఒకావిడ మజ్జిగ ఇస్తానని వెంటపడితే తప్పించుకోవడమే కష్టమైంది. ఏడో గేటు దాటేసరికి ముసుగు అంచున రక్తపు చుక్క కనిపించింది.

"చాల్లేమ్మా," అంది ఆమినాబీ.

"ఇంకా నాలుగుండాయి," అంది కెజియా.

పదో గేటు మూతబడిన ఐసు ఫ్యాక్టరీది. కాపలా ముసలాయన పెంచలయ్య స్టూలు మీద నుంచి లేచి, కుండలో నీళ్లు ముంచి గేటు సందులోంచి అందించాడు.

"ఇంత ఎండలో పిల్లని తిప్పతా ఉండావేందమ్మా?" అని ఆమినాబీని కోప్పడ్డాడు కూడా.

కెజియా ఒక గుక్క తాగింది. గ్లాసు తిరిగి ఇవ్వలేదు. రెండో గుక్క తాగింది. మెల్లగా గ్లాసంతా ఖాళీ చేసింది.

"తాతా, ఇంకో గ్లాసు."

ఆమినాబీ గేటు ఊచ పట్టుకుని నిలబడింది. వెనకాల ఆటోలో మస్తాన్ ఫోను తీశాడు.

పెంచలయ్య పోసిన రెండో గ్లాసు కెజియా అంగుళం అంగుళంగా తాగుతూ నిలబడింది. జీపు వచ్చేదాకా ఆ గేటు ముందునుంచి కదలకూడదని నిశ్చయించుకున్నట్టు ఉంది. జీపు వచ్చింది. తాళం తీయించారు. ఐసు గదిలోంచి ఏడుగురు కళ్లు చికిలిస్తూ బయటికొచ్చారు. ఫర్జానా కెజియా ముసుగును చూసి బెదిరి, అది తొలగగానే పరుగెత్తుకొచ్చి చున్నీ కొస వెతుక్కుంది.

"దాహమంటే నీళ్లు పోసినానే, నాకా ఇట్లా చేసేది?" అన్నాడు పెంచలయ్య.

"పోసినావు, మంచిదే," అంది ఆమినాబీ. "లోపలోళ్లకి తలుపు గూడా తీసుండాల్సింది."

పిల్లల్ని చేర్చాల్సిన చోట చేర్చి, రాయాల్సిన కాగితాలు రాసి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. ఫర్జానా వారంలో ఈ ఇంటికే వస్తుందని సుభాషిణి అధికారి దగ్గర మాట తీసుకుంది. ఆమినాబీ అలవాటుగా గ్లాసులో నీళ్లు పోసింది, కాచినవే. ఎట్లా ఉన్నాయని ఆమె ఎప్పుడూ అడిగేది కాదు, ఇవాళా అడగలేదు.

కెజియా ఒక గుక్క తాగింది. ఆగింది. మిగతా నీళ్లన్నీ తాగేసి, గ్లాసు ముందుకు చాపింది.

"ఇంకో గ్లాసు, పెద్దమ్మా."

ఆమినాబీ ఉలిక్కిపడి వీధి వైపు చూసింది, జీపు వస్తుందేమోనన్నట్టు. అప్పుడు అర్థమైంది. ఏడుపు ఆపుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. బిందె దగ్గరికి పోయి గ్లాసు నిండా ముంచుకొచ్చింది.