చోటు చెప్పేసిన పాట

ఆల్బమ్ రిలీజైన రోజు పొద్దున్నే లక్ష్మీప్రసన్న ఫోన్ చేసి, అందులో అతని పేరు కూడా వేశానని, కూతురు దుర్గ చేత పెట్టించుకుని వినమని గంగరాజుకి చెప్పింది. ఆ పూట గంగరాజు వేటకి వెళ్ళలేదు. ఏలూరులో డిగ్రీ చదువుతున్న కూతురు లక్ష్మీదుర్గ కాలేజీకి తయారవుతుంటే ఆపి, ఫోన్ మంచం మీద పెట్టించుకుని, దాని మీదకి వంగి కూర్చున్నాడు.

గంగరాజుది కొల్లేటి ఒడ్డున ఊరు. చేపల వేట, శీతాకాలంలో పక్షుల్ని చూడ్డానికొచ్చేవాళ్ళని దోనెలో తిప్పడం అతని పని. ప్రసన్న తాడేపల్లిగూడెం అమ్మాయి. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో సొంతంగా సంగీతం తయారుచేసి నెట్‌లో విడుదల చేసేది. పాడేది కాదు, వాయించేదీ కాదు. ఎక్కడెక్కడి చప్పుళ్ళో పట్టుకొచ్చి, కంప్యూటర్లో సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పాట చేసేది. రెండేళ్ళ కిందట బొచ్చు తొడుగు వేసిన మైకు పట్టుకుని రేవులోకి వస్తే అందరూ నవ్వారు. గంగరాజు నవ్వలేదు. దోనెలో ఉన్న గంటసేపూ ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క ఫొటో తీయలేదు. కళ్ళు మూసుకుని విన్నది. ఇరవై ఏళ్ళుగా మనుషుల్ని తిప్పుతున్నాడు గానీ, కొల్లేటిని వినడానికి వచ్చిన మనిషిని చూడ్డం అతనికి అదే మొదలు.

అందుకే మూడోసారి వచ్చినప్పుడు ఆమెని తుమ్మలగుంపు దగ్గరికి తీసుకెళ్ళాడు.

కిక్కిస గడ్డి దట్టంగా పెరిగి దారి మూసేసిన చోట, నీళ్ళలో పది పన్నెండు తుమ్మచెట్లున్నాయి. ఏటా కార్తీకం దాటాక గూడబాతులు అక్కడ గూళ్ళు కట్టేవి. ఆ సంగతి గంగరాజుకీ ఫారెస్టు వాచర్ ఇస్సాకుకీ తప్ప మరొకరికి తెలీదు. ఎవర్నీ అటు తీసుకురాకూడదని ఇద్దరూ ఎప్పుడో మాట అనుకున్నారు. అలికిడికి పెద్ద పక్షులు లేచిపోతే, ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు తన్నుకుపోతాయి. ఇదంతా ప్రసన్నకి విడమరిచి చెప్పాడు గంగరాజు.

"నా నోటి నుంచి రాదు బాబాయ్," అందామె. తనని 'అండీ' అనొద్దని, దుర్గని పిలిచినట్టే పిలవమని అప్పటికే పోరి మానిపించింది. రెండు శీతాకాలాలు వచ్చింది. వచ్చినప్పుడల్లా దుర్గకి పుస్తకాలు తెచ్చేది, వాళ్ళింట్లోనే అన్నం తినేది.

ఫోన్‌లో తొమ్మిది పాటలున్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ పొడుగాటి అంకెలు. మొదటి దాంట్లో నీళ్ళలో దోనె గెడ దిగుతున్న చప్పుడు వినగానే గంగరాజు తన చేతుల వంక చూసుకున్నాడు. ఐదో పాటలో గూళ్ళలోని పక్షిపిల్లల అరుపులు సాగి సాగి, వందమంది ఒక్కసారి మూలిగినట్టు అయ్యాయి. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ నంబర్లేంటని దుర్గ అడిగితే, వాళ్ళ సంగీతంలో అదో పద్ధతి కాబోలన్నాడు. చివర 'కొల్లేరు గంగరాజు గారికి కృతజ్ఞతలతో' అని ఉంది. ఆ రోజంతా ఊళ్ళో కనపడ్డవాళ్ళందరికీ అది చూపించాడు. ఆ సంబరంలో ఇస్సాకుకీ వినిపించాడు. ఇస్సాకు ఐదో పాట పూర్తిగా విని, అతని మొహంలోకి ఒకసారి చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పదిరోజులకి ఇద్దరు కుర్రాళ్ళు కారులో వచ్చారు. కొల్లేరు తిప్పమనలేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఇక్కడికి తీసుకెళ్ళాలండీ అన్నారు. నీలిరంగు మధ్యలో ఎర్రచుక్క. అది తుమ్మలగుంపు. మీకెలా తెలుసని అడిగితే ఒకతను నవ్వాడు.

"ఆల్బమ్‌లోనే ఉంది కదండీ. ఐదో పాట పేరు మ్యాప్‌లో కొడితే ఇదే వస్తుంది."

తను రానన్నాడు. వాళ్ళు వేరే దోనె మాట్లాడుకున్నారు. గంగరాజు గెడ అందుకుని వెనకాలే వెళ్ళేసరికి డ్రోన్ గాల్లో ఉంది. తుమ్మచెట్ల మీద నుంచి గూడబాతులన్నీ లేచి, ఆకాశంలో గుండ్రంగా తిరుగుతున్నాయి. కాకులు దిగుతున్నాయి. అతను చేతులూపుతూ అరిచాడు. డ్రోన్ రొదలో అది వాళ్ళకి వినపడిందో లేదో తెలీదు. తర్వాతి వారం ఇంకో రెండు కార్లొచ్చాయి.

ప్రసన్నకి ఫోన్ చేశాడు. ఆమె చాలాసేపు బాధపడింది. ఊరి పేరు రాయకుండా అంకెలు పెడితే బావుంటుందనుకుంది తప్ప, ఎవరో వెతుక్కుంటూ వస్తారని తట్టలేదంది. రెండురోజుల్లో మార్పిస్తానంది.

"డ్రోన్ ఎగరేసినవాళ్ళు మీవాళ్ళా అమ్మా?"

"ఒట్టు బాబాయ్, వాళ్ళెవరో నాకు తెలీదు."

అతను నమ్మాడు. ఆ సాయంత్రమే వెళ్ళి ఇస్సాకు ఇంటి ముందు నిలబడ్డాడు. ఇస్సాకు లోపలికి రమ్మనలేదు.

"ఆ పిల్లని నువ్వే తీసుకెళ్ళావా?"

"ఆఁ."

"నాతో ఒక్క మాట అనాల్సింది గంగరాజూ. నేనూ వచ్చి వినేవాణ్ణి."

తిట్టి ఉంటే గంగరాజుకి తేలికయ్యేది.

రెండురోజులు కాస్తా రెండువారాలైంది. అంకెలు మారలేదు. ఇంతలో ఏలూరులో ఒక హాల్లో ప్రసన్న కార్యక్రమం పెట్టింది, తప్పకుండా రమ్మని కబురు చేసింది. ఎదురుగా నిలబడి అడుగుదామని దుర్గని తీసుకుని వెళ్ళాడు. హాలు నిండా కాలేజీ పిల్లలు. తనని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఐదో పాటకి కొత్త వీడియో అని చెప్పి ప్రసన్న తెర వెలిగించింది.

పైనుంచి కిక్కిస, నీళ్ళు, తుమ్మచెట్లు కనిపించాయి. పాట ఉధృతం అందుకునేసరికి పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. తెర మూలన ఒక చిన్న దోనె, అందులో చేతులూపుతున్న మనిషి కనపడ్డాడు. "అది నువ్వే నాన్నా," అంది దుర్గ మెల్లగా. గంగరాజు పక్కకి చూశాడు. గోడవార లాప్‌టాప్ ముందు కూర్చున్నది మ్యాప్ చూపించిన కుర్రాడే.

అయిపోయాక ప్రసన్న నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"వాళ్ళెవరో తెలీదన్నారు కదండీ," అన్నాడు గంగరాజు.

ఆ పిలుపుకే ఆమె మొహం మాడిపోయింది. "చెప్తే నువ్వు ఒప్పుకోవని భయపడ్డాను బాబాయ్. ఒక్కసారే ఎగరేశారు. పక్షులు మళ్ళీ వచ్చి వాలాయట కూడా."

"నేను మీ కోసం ఇస్సాకుకిచ్చిన మాట తప్పానండి. అది మీకు తెలుసు. కాకుల సంగతీ తెలుసు. తెలిసే చేయించారు."

"మొత్తం ఆల్బమ్‌కి ఆ పాటే ప్రాణం. నీ పేరు ఎంతమందికి తెలిసిందో నీకు..."

"బాబాయ్ అని మాత్రం అనకండి. గంగరాజు అనండి, చాలు."

బస్సులో గంగరాజుకి అదే ఆలోచన. ప్రసన్న వినడం చేతకాని మనిషై ఉంటే అతను అసలు తీసుకెళ్ళేవాడే కాదు. ఆ పిల్ల నిజంగానే విన్నది. గూట్లో పిల్ల ఆకలికి ఎలా అరుస్తుందో, భయానికి ఎలా అరుస్తుందో అతని కంటే ముందు తేడా పట్టింది.

మర్నాడు ఇస్సాకుతో కలిసి ఫారెస్టు ఆఫీసుకి వెళ్ళి, మొదట తీసుకెళ్ళింది తనేనని కాగితం రాసిచ్చాడు. ఆ ఏడాదంతా అతని దోనెలో మనుషుల్ని ఎక్కించుకోకూడదన్నారు. సరేనన్నాడు. ఆఫీసు నుంచి ప్రసన్నకి నోటీసు వెళ్ళింది. వారంలో వీడియో తీసేశారు, పాటల అంకెలు మార్చేశారు. అప్పటికే ఆ ఎర్రచుక్క ఎన్ని ఫోన్లలో చేరిందో ఎవరికీ తెలీదు. నలభై గూళ్ళలో ఆ ఏడాది ఎగిరిన పిల్లలు ఆరే. మరుసటేడు కార్తీకం దాటింది, పుష్యమూ దాటింది. తుమ్మల మీద ఒక్క గూడబాతు వాలలేదు. ఇస్సాకు ఎదురైతే పలకరిస్తాడు గానీ, దోనెలో పక్కన కూర్చోడు.

మొన్న వేసవిలో ప్రసన్న కొత్త ఆల్బమ్ వచ్చిందని, ఈసారి రైలు స్టేషన్ల చప్పుళ్ళటని దుర్గ చెప్పింది. గంగరాజు చిరిగిన వలకి ముడులేస్తున్నాడు.

"మంచిదేలే. స్టేషన్లు లేచిపోవు," అన్నాడు.

పెట్టనా నాన్నా అని దుర్గ అడిగింది. అతను తల అడ్డంగా ఊపి, వల ఇంకో కొస లాక్కున్నాడు.