తెర వెనక గవ్రీల్

మా ఊళ్ళో ఓట్లంటే ఇదివరకు ఒకటే పద్ధతి. కాగితం మీద ఒకే పేరు. ఇంటి మగాడు అందరి గుర్తింపు కార్డులూ జేబులో వేసుకుని పోయి, అందరి కాగితాలూ తనే పెట్టెలో పడేసి, ఓ గ్లాసు ప్లం సారా తాగి వచ్చేవాడు. ఓటే కాదు, మా ఇంట్లో ఏ సంగతైనా అంతే. ఆవును అమ్మినా, అమ్మాయి పెళ్ళి కుదిర్చినా మా ఆయన గవ్రీల్ నన్నొక మాట అడిగిన పాపాన పోలేదు.

రాజధాని బుకారెస్ట్‌లో నియంత పడిపోయాక, తొలిసారి అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీకి దిగారు. ఆ ఆదివారం పొద్దున్నే ఈయన నా కార్డూ, వాళ్ళమ్మ కార్డూ తీసి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా, నా కార్డు ఇటివ్వు. నా ఓటు నేనే వేసుకుంటా."

"నీకేం తెలుసే? అక్కడ ముగ్గురున్నారు. తికమకపడతావ్."

"ముగ్గురున్నారనేగా వస్తానంటున్నా! ఒక్కడే అయితే నీకే వదిలేద్దును."

"నాది కూడా ఇవ్వరా గవ్రీల్" అంది మా అత్త సఫ్తా. "చచ్చేలోగా ఒక్కసారైనా ఎంచుకోవద్దూ?"

ఆయన వింటేనా! కార్డులతో బయల్దేరాడు. మేమిద్దరం వెంటపడ్డాం.

బడిలో పంతులుగారే ఎన్నికల అధికారి. గవ్రీల్ మూడు కార్డులూ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"ఎవరి ఓటు వాళ్ళే వెయ్యాలి గవ్రీల్. చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది" అన్నాడు పంతులు.

"వీళ్ళ మనసులో ఏముందో నాకు తెలీదా పంతులుగారూ?"

"తెలిస్తే నీ దగ్గరే అట్టేపెట్టుకో."

నేను తెర వెనక్కి వెళ్ళాను. మూడు పేర్లూ వేలు పెట్టి చదివాను. నాకు నచ్చినతని పేరు మీద ముద్ర గుద్ది బయటికొచ్చాను. మా అత్త నాకన్నా తొందరగా ముగించింది. తర్వాత గవ్రీల్ మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు.

వెళ్ళినవాడు ఎంతకీ రాడు. వరస రోడ్డు దాకా పెరిగింది.

"ఒరే గవ్రీల్, నిద్రపోయావా?" అని ఎవరో అరిచారు.

"పిల్లనిస్తున్నావా ఏం వాళ్ళకి, అంతసేపు చూస్తున్నావ్?" అన్నాడు ఇంకొకడు.

చివరికి తెర పక్కనుంచి మా ఆయన తల బయటికొచ్చింది. నుదురంతా చెమట.

"ఇదిగో పరస్కీవా..." అన్నాడు, నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో. "ఈ ముగ్గుర్లో ఎవరికి వెయ్యమంటావే?"

పెళ్ళయ్యాక నన్ను సలహా అడగడం అదే మొదలు. జవాబు నాలిక చివరే ఉంది. నోరు తెరిచాను.

"మాట్లాడకూడదు!" పంతులు బల్ల గుద్దాడు. "చట్టం ఒప్పుకోదు!"

"చట్టమట చట్టం! ఇన్నేళ్ళకి నోరు తెరిచి అడిగాడు పంతులుగారూ, చెప్పనియ్యండి!" అన్నాను.

బడంతా గొల్లుమంది. పంతులు ససేమిరా అన్నాడు. గవ్రీల్ తల బిక్కమొహంతో తెర వెనక్కి పోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

బయటికి రాగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడడుగు."

"వేసేశాగా. ఇంకేం అడగనే?"

"ఏదో ఒకటి. అడుగు."