వాలు మీద పెట్టిన పార

నేను కలుపు చెక్కే దోకుడుపారను. ముఖం తిప్పుకోకండి, మీతోనే మాట్లాడుతున్నాను. ఇంటి చుట్టూ నాలుగు పచ్చటి ఆకులు కనబడితే చాలు, "ఏందీ అడివి, చెక్కించి పారెయ్" అని కేకలేసిన మీతోనే. పాము పేరు చెప్పి నేల తోలు ఒలిపించారు. ఒలిచిన చోట ఎక్కడిదో గడ్డిని కొని తెచ్చి చాపలా పరిచారు. నన్ను పట్టిన కూలిమనిషి సుంకమ్మ ఇంటి వెనక గోడ మీలాంటివాళ్ల వల్ల కూలింది. చెక్కింది మాత్రం నేను. మీ తప్పు చెప్పి నాది దాచుకోను.

నేను ముందు లారీ కింద కమాన్ పట్టీని. పట్టీ విరిగాక కమ్మరి పీరయ్య కొలిమిలో పడ్డాను. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, అంచు పదును పెట్టి, తుమ్మకర్ర పిడి బిగించాడు. సుంకమ్మ చేతికిస్తూ, "తీసుకోక్కా, ఇది చెప్పిన మాట వింటాది" అన్నాడు. పొగిడాడనుకుని పొంగిపోయాను. చెప్పిన మాట వినడమే నా రోగమని అప్పుడు తెలియలేదు.

సుంకమ్మ అనంతపురం పక్క ఊళ్లల్లో కలుపు తీసే కూలి. వేరుశనగ చేలల్లో ఆమె చేతిలో పన్నెండేళ్లు నడిచాను. సాళ్లలో ఎంత కలుపున్నా వదిలేది కాదు. చేను అంచుకు వచ్చామా, ఠక్కున నన్ను పైకెత్తేది. గట్టును ఆ పక్కల గెనిమ అంటారు. గెనిమ మీద పార పెట్టకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. గెనిమ మీద గడ్డి ఉంటేనే గెనిమ నిలుస్తుంది, గెనిమ నిలిస్తేనే చేలో మన్ను నిలుస్తుంది. కూలికొచ్చిన పిల్లలకు మొదటిరోజే చెప్పేవాళ్లు. అది నాకూ తెలుసు. తెలిసీ చేశాను, అదే నా బాధ.

సుంకమ్మ ఇల్లు గుట్ట కింద. రాళ్లూ మట్టీ పేర్చిన వెనక గోడ, ఆ గోడ పక్కనే పొయ్యి, పొయ్యి పైన మేకుకు నేను. గోడకు ఎగువన వాలు, ఆ వాలు మీద రిటైరైన ఆర్టీసీ కండక్టరు కుళ్ళాయప్ప కట్టుకున్న కొత్త ఇల్లు. మనిషి చెడ్డవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్లు బస్సులో దుమ్ము తిన్నాడు, ఇంటి చుట్టూ పచ్చగా చూసుకోవాలని ఆశపడ్డాడు. అప్పటికే పచ్చగా ఉందని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన ఒక్క మనిషి మాట వినలేదు.

గృహప్రవేశానికి వారం ముందు సుంకమ్మను పిలిపించాడు. ముందు వాకిలంతా చెక్కించాడు. తర్వాత వెనక్కి తీసుకెళ్లి, "ఇదంతా నున్నగా గీకెయ్ సుంకమ్మా. లాన్ వస్తాది" అన్నాడు.

సుంకమ్మ వాలు కిందికి చూసింది. అక్కడ తన ఇంటి కప్పు కనబడుతోంది. "సారూ, ఇది గెనిమ మాదిరి ఉండాది. గెనిమ మీద పార పెట్టకూడదు."

"గెనిమ యాడుందే తల్లీ! ఇది ప్లాటు. నాకు పట్టా ఉండాది" అని నవ్వాడు.

ఆయన భార్య నాగరత్నమ్మ గుమ్మంలోంచే అందుకుంది. "ఆ కంపలో పాములుంటాయి. నాకు భయం."

"పాములు ఆకు మేస్తాయామ్మా? నువ్వు గోడవతల పారబోసే అన్నానికి ఎలకలొస్తాయి, ఎలకల ఎంట అవి వస్తాయి. చెక్కాల్సింది నీ అలవాటును."

"నోరెక్కువైందే నీకు!" అంది నాగరత్నమ్మ, నవ్వు ఆపుకుంటూ.

అందరూ నవ్వారు. నవ్వుల్లో మాట కొట్టుకుపోయింది. సుంకమ్మకు ఆ వారం వేరే పని లేదు. నన్ను దించింది.

మూడు రోజులు పట్టింది, ఆ సంగతీ చెప్పాలి. నేలబారున పాకే బొక్కెన ఆకు తీగ కణుపు కణుపుకూ వేరు దించి వాలును కుట్టినట్టు పట్టుకుని ఉంది. తెంచాను. గలిజేరు వేళ్లు లోతుకు పోయాయి, పైన గీకితే మళ్లీ వస్తాయని పెకలించమన్నారు. పెకలించాను. గులకమట్టిలో విష్ణుక్రాంత చిటికెనవేలి గోరంత నీలిపూలు పూసి ఉంది. చూడకుండా దాటాను. గరికను చుట్టలు చుట్టలుగా లాగాను. పదునుగా తెగుతుంటే ఒళ్లు పులకరించింది కూడా. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

బట్టలుతికే బండ వెనక చాపంత బొక్కెన మిగిలింది. సుంకమ్మ అక్కడ నన్ను కావాలనే పక్కకు తిప్పింది. పని సగంలో వదిలేసిందని నాకు కోపం వచ్చింది. చూశారా, నా బుద్ధి ఎట్లాంటిదో!

లాన్ వచ్చింది. చుట్టలు విప్పి పరిచారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి దాని మీద నడిచి ఫోటోలు దిగారు. పూటపూటా నీళ్లు తాగింది. ఏప్రిల్‌లో బోరు గాలి కక్కింది. మే నెలకు గడ్డి గోనెసంచి రంగుకు తిరిగింది. వేరు కిందికి దిగనే లేదు, అంచు పట్టి ఎత్తితే దుప్పటిలా లేచింది. ఆ సందుల్లోంచి వయ్యారిభామ మొలిచింది. దాన్ని పీకిన కుళ్ళాయప్పకు చేతుల నిండా దురద.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. సుంకమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి, ఇంటి ముందు ఆరబెట్టిన చింతపండు ఎత్తడానికి పరుగెత్తింది. గంట వాన. ఎగువ నుంచి ఎర్రటి బురద దిగింది. లాన్ చాపలు చాపలుగానే జారి గోడకు ఆనుకున్నాయి. గోడ ఉబ్బింది, పొయ్యి మీద పడింది. గోడతోపాటు నేనూ పడ్డాను. చింతపండు లేకపోతే ఆ మనిషి ఈ రోజు లేదు.

వాన వెలిశాక బురదలోంచి నన్ను లాగింది. తిట్టలేదు. అంచు మీద బొటనవేలు రాసి, "మన చేతులతోనే గదా" అంది. పాత ఇనుముకు వేసేసినా ఇంత బాధపడేవాణ్ణి కాను.

కుళ్ళాయప్ప పంచె ఎగగట్టుకుని దిగి వచ్చాడు. పొయ్యిని చూసి అక్కడే కూలబడ్డాడు. "గోడ నేను కట్టిస్తా సుంకమ్మా."

"కట్టిస్తావు. మళ్లా వానకు మళ్లా కట్టిస్తావా? ఎన్నిసార్లు పొయ్యి ఎదురు నుంచి లేచి పోవల్ల నేను?" అంటూ ఆయన్ని వాలు ఎక్కించింది. ఉతికే బండ వెనకకు తీసుకెళ్లింది. వాలంతా గాట్లు పడి ఉంది. అక్కడ చాపంత మేర బొక్కెన పచ్చగా, కింద మన్ను కదలకుండా ఉంది. కుళ్ళాయప్ప వంగి చేత్తో లాగి చూశాడు. రాలేదు.

"ఏమేమి వేద్దాం చెప్పు" అన్నాడు చివరికి.

చెప్పింది. వాలంతా బొక్కెన. కాలువగట్టున కావలసినంత ఉంది, కణుపు ముక్కలు నాటితే చాలు. పై అంచున గరిక. ఎండ తగిలే చోట గలిజేరు, పప్పులోకీ పనికొస్తుంది. గులకనేల మీద విష్ణుక్రాంత. కొళాయి తడి దగ్గర సరస్వతి ఆకు.

"మరి పల్లేరు?" అని నవ్వాడు కుళ్ళాయప్ప.

"పల్లేరు వద్దు సారూ, ముల్లు గుచ్చుకుంటే నాగరత్నమ్మ నన్ను తరుముతాది."

ఇది జరిగి పది రోజులు. గోడ నడుమెత్తు లేచింది. వాలు అట్లాగే బోడిగా ఉంది. ఈ పొద్దున సుంకమ్మ కాలువగట్టు నుంచి బొక్కెన తీగలు కోసి, తడిగోతంలో చుట్టి, నన్నూ వెంటబెట్టుకుని ఎక్కింది. గేటు ముందు ఆటో ఆగి ఉంది. అందులో మళ్లీ లాన్ చుట్టలు.

కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. "ఆ ఆకులు కలుపు మాదిరి ఉంటాయి సుంకమ్మా. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఇది కొత్త రకమంట."

సుంకమ్మ చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది. గోతాన్నీ నన్నూ గేటు దగ్గర పెట్టి, తడి గోడనూ మబ్బునూ చూస్తూ నిలబడింది.

కాబట్టి నేనే మాట్లాడుతున్నాను. కుళ్ళాయప్పా, ఆ ఆటోను వెనక్కి పంపు. చూసేవాళ్లు నీ వాలు కింద కాపురం ఉండరు, సుంకమ్మ ఉంటుంది. చదువుతున్న మీరూ లేవండి. మీ ఇంటి చుట్టూ ఏం మొలిచిందో, పార పిలిచే ముందు దాని పేరు తెలుసుకోండి. తెలియకపోతే కలుపు తీసే మనిషిని అడగండి, అడిగాక వినండి. నా పదును కావాలంటే వయ్యారిభామ మీద చూపండి. గెనిమ ఏ పట్టాలో ఉన్నా గెనిమే, దాని మీద నన్ను అడ్డంగా పెట్టకండి. ఇప్పుడు మాత్రం నన్ను నిలువుగా పట్టుకుని, జానెడుకొక గుంత చొప్పున తియ్యండి. గోతం ఎండలో ఉంది, తీగలు వాడిపోతున్నాయి, పడమర మబ్బు లేచింది. తియ్యండి!