కింది బెజ్జం

ఎక్కడైనా నీళ్ళు కారడం కంటపడితే ప్లంబరుకి చేతులు ఊరుకోవు. ముప్పై ఏళ్ళుగా కారే కుళాయిల నోళ్ళు మూయించిన మనిషాయన. అలాంటివాడు మూడోసారికి పరీక్ష గట్టెక్కి, ఇంట్లోంచే దూరదేశాలతో మాట్లాడే అమెచ్యూర్ రేడియో లైసెన్సు చేతబట్టుకున్నాడు. ఇక కాళ్ళు నేల మీద నిలుస్తాయా!

పైగా ఇంట్లో కొండంత పని వచ్చిపడింది. భార్య చెల్లెలు నడిసముద్రంలో ఒక దీవి మీద, వాతావరణ కేంద్రంలో పనిచేస్తోంది. అక్కడికి ఫోను అందదు, ఉన్నదల్లా రేడియో. అక్కాచెల్లెళ్ళు ఒకరి గొంతు ఒకరు విని ఏడు నెలలైంది. ఆదివారం పదింటికి రేడియో ముందు కూర్చుంటాననీ, సోమవారం మంచు ప్రాంతానికి ఓడ ఎక్కితే మళ్ళీ ఆరు నెలలు ఆ వీలు కూడా ఉండదనీ చెల్లెలు ఉత్తరం రాసింది.

"ఆ రోజు దాని గొంతు వినిపించలేదో, మీరూ మీ రేడియో కలిసి డాబా మీదే కాపురం పెట్టుకోండి," అంది భార్య.

రేడియో తరంగాల్లో ఏ బ్యాండు ఎప్పుడు పలుకుతుందో ముందుగా చెప్పలేం. అందుకని నాలుగు బ్యాండ్లకీ పనికొచ్చే యాంటెన్నా కావాలి. ప్లంబరు కేటలాగులన్నీ తిరగేశాడు. నిలువు గొట్టం రకాన్ని చూసి తెగ ముచ్చటపడ్డాడు, ఎంతైనా గొట్టం కదా! కానీ దాని చుట్టూ నేలంతా తీగలు పరవాలి, భార్య బట్టలారేసే చోటు కాస్తా పోతుంది. తీగల మధ్య బరువైన చుట్టలుండే రకం గాలికి ఊగి తెగుతుందని భయం. చివరికి ఒకే కేబులుకి నాలుగు జతల తీగలు వేలాడే రకం కంటపడగానే ఎగిరి గంతేశాడు.

"ఒక మెయిను పైపు, నాలుగు కుళాయిలు! ఇది నాకోసమే పుట్టిందే!"

డాబా మీద రెండు స్తంభాలు లేచాయి. కేబులు జాయింటుకి టేపు కింది నుంచి పైకి చుట్టాడు, వాన జారిపోయేలా. ఇక తీగలన్నీ కలిసే ప్లాస్టిక్ పెట్టె వంతు వచ్చింది. దాని అడుగున బియ్యపుగింజంత బెజ్జం! ప్లంబరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ పెట్టె చేసినవాడికి కళ్ళున్నాయా?" అంటూ సీలెంటు జిగురు దట్టంగా కూరాడు. వేళ్ళకి అంటుకున్నది తుడుచుకోవడానికి చేతికందిన కాగితం, పెట్టెతో వచ్చిన సూచనల కాగితం.

శనివారమంతా ముసురు. ఆదివారం తొమ్మిదిన్నరకి రేడియో పెడితే, యాంటెన్నా సరిగా ఉంటే బుద్ధిగా పడుండాల్సిన మీటరు ముల్లు నాలుగు బ్యాండ్లలోనూ చిందులేసింది. ప్లంబరు రేడియో కట్టేశాడు. డాబా మీదికి పరుగెత్తి, తాడు దించి, పెట్టె విప్పాడు. లోపల రెండు చెంచాల నీళ్ళు!

"చీమ దూరే సందు కూడా లేకుండా మూశానే!"

వెనకాలే వచ్చిన భార్య ఇంట్లో పడున్న ఆ జిగురంటిన సూచనల కాగితం తెచ్చి, ఎండకి పట్టి చదివింది. "'అడుగున ఉన్న రంధ్రం మూయరాదు.' లోపల చెమ్మ పట్టి నీరైతే, బయటికి పోయే దారి ఉండాలి కదండీ?"

ఆమె తలలోంచి పిన్ను లాగి బెజ్జం పొడిచింది, తువ్వాలుతో పెట్టె లోపలంతా తుడిచింది. ఆయన తాడు లాగాడు. ఇద్దరూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ కిందికి దూకారు.

పదీ నాలుగు నిమిషాలు. ముల్లు దిగింది. మొదటి బ్యాండు మూగ, రెండోది బుస. మూడోదాంట్లో సన్నగా, "అక్కా! ఉన్నావా అక్కా?"

ప్లంబరు మైకు మీట నొక్కి భార్య నోటి దగ్గర పెట్టాడు. మీట నొక్కినంతసేపూ ఇవతలి మాట వెళ్తుంది, అవతలిది వినిపించదు. గంటలు గంటలు మాట్లాడే మనిషి బిగుసుకుపోయింది. ఏడు నెలలుగా దాచుకున్న కబుర్లన్నీ ఎగిరిపోయి, ఒక్కటే మాట తోసుకొచ్చింది.

"మీ బావ కింది బెజ్జం మూసేశారే!"

మీట వదలగానే అవతల చెల్లెలు పగలబడి నవ్వింది. ఇవతల అక్కకీ ఆగలేదు. మధ్యలో, అదే బ్యాండులో వింటున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన ఎవరో దూరి, "నేనూ మూశానమ్మా, రెండుసార్లు," అని ఒప్పుకున్నాడు. దాంతో ప్లంబరు కూడా కుర్చీలోంచి జారి నేల మీద కూలబడి నవ్వాడు.

పావుగంటకి చెల్లెలి గొంతు సన్నబడసాగింది.

"అక్కా, నువ్వు సరిగా అందడం లేదు. మాటలొద్దు, నవ్వుతూనే ఉండు. వినిపించినంతసేపూ వింటా."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. ప్లంబరు మీట నొక్కి పట్టుకున్నాడు. వేలు నొప్పెట్టినా వదల్లేదు. వదిలితే అవతల ఇక ఏ చప్పుడూ లేదని ఆమెకి తెలిసిపోతుంది.